మొగ్గ చేరే దూరం

గుడిమల్కాపూర్ పూలమార్కెట్లో మాణిక్యమ్మ ఎడమకాలి బొటనవేలికి దారం చుట్టుకుని మల్లెమాలలు కడుతుంది. చూపు వచ్చేపోయేవాళ్ల మీద ఉన్నా ముడి తప్పదు. ఆమె ఎన్నడూ విమానం ఎక్కలేదు. ఆమె మాలలు మాత్రం వారానికి రెండుసార్లు ఎక్కుతాయి. దుబాయిలో ఆ సాయంత్రం జరిగే పెళ్లికి ఉదయమే మాలలు పంపాలి. పూలు పాడైతే ఆ గిరాకీ మళ్లీ రాదు. ఆమె గట్టి పచ్చిమొగ్గలే ఏరుతుంటే దుకాణం గుమాస్తా లక్ష్మీకాంత్ ఫోను చూపించాడు.

"రెండున్నర వేల కిలోమీటర్లేనమ్మా, నాలుగు గంటల్లో దిగిపోతుంది. ఇంత పచ్చివి పంపితే విచ్చుకోక, పెళ్లికూతురి జడలో బియ్యపుగింజల్లా ఉంటాయి."

"నీ ఫోను ఇమానం సంగతి చెప్తది బిడ్డా. నా మొగ్గ జడ దాంక పోవాలె. ఇమానం ఎక్కేకాడ తూకం, పెట్టె ఇప్పి తలాషి, మళ్ల దిగినంక గట్లనే లొల్లి. అంత కలిపి పన్నెండు గంటలు. గప్పటికి ఇచ్చుకుంటయి, ఫికర్ చెయ్యకు" అంటూ ఆమె ముడి బిగించింది.

మర్నాడు ఫొటో వచ్చింది. జడనిండా అప్పుడే విచ్చిన మల్లెలు. మాణిక్యమ్మ ఒకసారి చూసి, నవ్వి, మళ్లీ దారం అందుకుంది. లక్ష్మీకాంత్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"అమ్మా, ఈసారి మస్కట్‌కి. ఎన్ని గంటలు?"

"లగ్గం ఎన్నింటికో గది చెప్పు ముందుగాల."