రెండో జత

ఎవరి కొలువు వాళ్లకు గొప్ప. ఒపారే కొలువు చంకలో ఒక జత చెప్పులతో, ఆ సీమనేలే నానా అబ్రఫీ వెనక నడవడం. ఏలిక పాదం వట్టి నేలకు తగిలితే పీఠం పోయినట్టే. నడకలో ఆవిడ చెప్పు తెగితే, పాదం కింద పడేలోగా రెండో జత అందించాలి. పన్నెండేళ్లు ఆవిడకు ముందు ఏలిన మేనమామ వెనక, ఏడేళ్లు ఆవిడ వెనక నడిచాడు. ఒక్క చెప్పు వారూ తెగలేదు. ఇంత నిష్ఠగా ఏమీ చెయ్యకుండా బతికినవాడు ఆ కోకో తోటల సీమలో మరొకడు లేడు.

ఆడది పీఠమెక్కడమేమిటని అడ్డుపడ్డాడు ఊరిపెద్ద బాఫోర్. ఆవిడ ఎక్కింది. చాలదన్నట్టు జిల్లా కౌన్సిల్‌కు నిలబడి నెగ్గింది. అప్పటినుంచి బాఫోర్ ఆవిడ మొహం చూడటం మానేసి, పాదాలకేసే చూసేవాడు.

"అంతలా వంగకు పెద్దాయనా, నా కాళ్లకు మొక్కుతున్నావనుకుంటారు జనం!" అనేది ఆవిడ.

కౌన్సిల్‌లో ఆవిడ అడిగింది ఒక్కటే, పురుళ్ల ఆసుపత్రి. నాలుగేళ్లకు గోడలు లేచాయి. కప్పు రేకా, పెంకా అని పెద్దమనుషులు తర్కిస్తూండగా వానలు పట్టుకున్నాయి. ఆవిడ ఒక్కగానొక్క కూతురు డుఫీ రెండు రోజులు నొప్పులు పడి, మూడోనాటి పొద్దున పోయింది. బిడ్డా దక్కలేదు.

నానా వచ్చేసరికి కూతురి ఇంటి గుమ్మంలో బాఫోర్ నిలబడి ఉన్నాడు.

"లోపల శవం ఉంది నానా. ఏలిక శవాన్ని చూడకూడదు. నేను చెప్పాలా?"

"అక్కర్లేదు. ఏలికేగా చూడకూడనిది?"

ఆవిడ వంగి కుడికాలి చెప్పు విప్పింది. ఒపారేకు ఏమీ తోచలేదు గానీ, పందొమ్మిదేళ్ల అలవాటు వాణ్ణి అడగలేదు. మోకాళ్ల మీద పడి, చంకలోని రెండో జత తీసి సరిగ్గా ఆ పాదం కింద పెట్టాడు. కొలువులో చేరాక వాడు చేసిన మొదటి పని అది. ఎంతో ఒడుపుగా చేశాడు.

"తియ్యవయ్యా."

"ఒద్దు నానా... నీ కాళ్లు పట్టుకుంటా. ఇన్నేళ్లూ నీ పాదం నేల తగలకుండా, ఈ గడ్డం ముసలాడికి చిక్కకుండా కాపాడుకొచ్చాం గదా!"

"అది చల్లబడిపోతోంది ఒపారే. స్నానం చేయించాలి. జడ విప్పాలి. దాని జడ ఇంకెవరికీ విప్పడం రాదు."

ఒపారే కదల్లేదు. ఆవిడ ఆ జతకు పక్కగా బురదలో వట్టి పాదం మోపింది. తరవాత ఎడమకాలి చెప్పూ విప్పి, ఆ పాదమూ మోపింది.

బాఫోర్ ఇన్నేళ్ల తరవాత మొదటిసారి ఆవిడ మొహంలోకి చూశాడు. గెలుపు తనదే. పక్కకు తప్పుకున్నాడు.

"నీళ్లు కాచారా?" లోపలికి వెళ్తూ ఆవిడ ఆడవాళ్లనడిగింది.

బయట వానలో ఒపారే రెండు జతలూ తుడుస్తూ కూచున్నాడు.