ఖాళీ మేకు

నా చిన్నప్పుడు మా నాన్న గాజువాక దగ్గర ట్యాంకర్ లారీలు కడిగే షెడ్డులో పనిచేసేవాడు. ట్యాంకులోకి దిగి అడుగున పేరుకున్న మడ్డి గీకడం ఆయన పని. దిగే ముందు ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను గోడమీది బల్లకున్న మేకుకు తగిలించాలి, పైకొచ్చాక తీసుకోవాలి. మేకులన్నీ ఖాళీ అయితే లోపల ఎవరూ లేరని లెక్క. అప్పుడు మూత బిగించి లోపలికి ఆవిరి వదులుతారు. ఆ వేడికి మనిషి బతకడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఎనిమిదేళ్ళ నాకు అప్పుడు తెలిసిందల్లా, బిళ్ళ చేతికొస్తే నాన్న ఇంటికొస్తాడని.

క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు మధ్యాహ్నమే వచ్చి గౌను కొనిపెడతానని నాన్న మాటిచ్చాడు. క్యారేజీ పట్టుకెళ్ళి షెడ్డులో ఎంతసేపు కూర్చున్నా పైకి రాలేదు. నాకు మొదటినుంచీ ముక్కుమీదే కోపం. ఆయన బిళ్ళ తీసి క్యారేజీ సంచిలో దాచేశాను. ఇక డ్యూటీ అయిపోయినట్టే కదా అని నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆయనతో దిగిన ఇద్దరూ పైకొచ్చి తమ బిళ్ళలు తీసుకుని చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. ట్యాంకు నోటి దగ్గర ఉండాల్సిన మనిషి టీకి పోయాడు. షెడ్డు మేస్త్రీ మా పక్కింటి మావయ్యే. ఆయన వచ్చి ఖాళీ బల్ల చూశాడు. మూత వేసెయ్యచ్చు. కానీ ఆయన నిచ్చెనెక్కి, లోపలికి తల వంచి, ముగ్గురినీ పేరుపేరునా పిలిచాడు. ఇద్దరు కుళాయి దగ్గర్నుంచి పలికారు.

"నానింకా లోపలే ఉన్నాను బావా! ఏటి సేత్తన్నావ్?" అని ట్యాంకులోంచి నాన్న గొంతు.

నాన్న పైకొచ్చి ఖాళీ మేకు చూశాడు. నేను సంచిలోంచి బిళ్ళ తీశాను. ఆయన చెయ్యెత్తాడు. మావయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్నెందుకు కొడతావ్ బావా? పిల్ల సెయ్యి అందే సోట బల్ల కట్టించింది నాను. తప్పు నాది."

ఆ మాటని, ట్యాంకులోకి ఆవిరి వదిలే గొట్టాన్ని మావయ్య నాకు చూపించాడు. అది చూశాక గానీ నేనేం చేయబోయానో నాకు తెలియలేదు. వెక్కివెక్కి ఏడ్చాను. మర్నాటికల్లా ఆ బల్లకు జాలీ తలుపూ తాళమూ వచ్చాయి. ట్యాంకు నోటి దగ్గరుండే మనిషి, తన బదులు ఇంకొకరు రాకుండా కదలకూడదన్న కట్టడీ వచ్చింది.

బల్ల ఖాళీగా ఉంటే మరెందుకు పిలిచావని కొన్నాళ్ళకు మావయ్యను అడిగాను. "బల్లకేటి తెలుస్తాదమ్మా? మనిషిని పిలవాల. పలికేదాకా ఆగాల," అన్నాడు.

నాన్న ఆ తర్వాత నలభై ఏళ్ళు బతికాడు. నా పెళ్ళి చేశాడు, నా పిల్లల్ని ఎత్తుకున్నాడు. అవన్నీ మావయ్య ఒక్క నిమిషం ఆగినందుకు మాకు దక్కిన ఏళ్ళు.

పెద్దయ్యాక నేను హార్బరు దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌నయ్యాను. చల్లగది తలుపు వేసే ముందు, బయటికొచ్చినట్టు రిజిస్టరులో అందరి సంతకాలూ ఉన్నా, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేదాన్ని. బస్సు పోతుందని అమ్మాయిలు విసుక్కునేవారు. నేను మాత్రం ఆఖరి గొంతు వినేదాకా తలుపు మీద చెయ్యి వేసేదాన్ని కాదు. వాళ్ళలో ఎవరి కోసం ఏ ఇంట్లో ఏ మొండిపిల్ల అలిగి కూర్చుందో నాకేం తెలుసు?