సమాధుల దీవికి వెళ్లే పడవ

వెనిస్‌లో సిటీ బస్సులుండవు. ఊళ్లోవాళ్లయినా కాలువల్లో తిరిగే పడవలే ఎక్కాలి. సింగపూర్ నుంచి మాతో టూర్‌కి వచ్చిన ఒకాయన, అక్కడ టాంపినీస్‌లో మా అపార్ట్‌మెంట్ బ్లాకే, ఆ పడవలో పక్క సీటు మీద తన బ్యాగు పెట్టి, సింగపూర్‌లో సీటు ఆపుకున్నట్టే చోప్ చేసుకున్నాడు. ఎదురుగా చేమంతుల కట్ట పట్టుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది.

"అంకుల్, బ్యాగు తీయండి, ఆవిడ కూర్చుంటారు," అన్నాను.

"మనం లైఫ్‌లో ఒక్కసారి వస్తామమ్మా. ఆవిడ రోజూ ఎక్కేదే కదా!"

నాకు ఒళ్లు మండిపోయింది. బ్యాగు తీసి ఆయన ఒళ్లో పడేశాను. ఆవిడ కూర్చుంది. నీళ్ల మధ్య ఇటుక గోడలున్న దీవిని చూపించి, తన భర్త సమాధి అక్కడే ఉందని వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పింది. అంకులూ విన్నాడు. విని కూడా, "ఫ్లవర్స్‌తో సూపర్ షాట్!" అంటూ ఫోను ఆవిడ మొహం మీదికి తిప్పాడు.

ఆవిడ అరవలేదు. ఫోనుకు అడ్డంగా అరచేయి చాచింది. పడవ దీవికి చేరేదాకా ఆ చేయి దించలేదు. తర్వాత లేచి దిగిపోయింది.

సింగపూర్ తిరిగొచ్చాక, మొన్న ఆయన తనింటికి భోజనానికి పిలిస్తే వెళ్లాం. టీవీలో వెనిస్ ఫోటోలు చూపించాడు. ఒకచోట తెర నిండా ముడతలు పడిన అరచేయి.

"ఆ ఆంటీకి ఎంత పొగరో చూడండి!" అన్నాడు. అందరూ నవ్వారు.

"మొగుడి సమాధికి పువ్వులు తీసుకెళ్తోందావిడ. మీకు చెప్పింది కూడా," అన్నాను. అరిచాననే చెప్పాలి.

నవ్వులు ఆగాయి. ఆయన గబగబా తర్వాతి ఫోటోకి వెళ్లాడు. నేను చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను.