పెండ్లికి ముంగట ఏమని పిలిచేదానివి?

సంచిలోంచి పాత ఎంఆర్ఐ ఫిల్మ్ తీస్తుంటే మిరపకాయల ఘాటు ముక్కుకు తగిలి తుమ్మాను. అత్తాకోడళ్లు రాజవ్వ, లలిత ఎనుమాముల మిర్చి యార్డులో పని ముగించుకుని, తొమ్మిదేళ్ల చిన్నిని ఎత్తుకుని నేరుగా వచ్చారు. ఏటా ఇదే సంచి, ఇదే తుమ్ము. తుమ్మినప్పుడల్లా సుగుణ మేడం గుర్తొస్తారు. పిల్లల నరాల జబ్బుల విభాగంలో నాకు పని నేర్పిన పెద్ద డాక్టరు. క్యాంటీన్ చాయ్‌ని కూడా వాసన చూడనిదే తాగని మనిషి. ఇదేం అనుమానమని మేం చాటున నవ్వుకునేవాళ్లం.

ఎనిమిదేళ్ల కిందట లలిత ఏడాది బిడ్డ చిన్నిని ఎత్తుకొచ్చింది. మెడ నిలవదు, కళ్లు కుదురుగా ఉండవు. పాత చీటీలో 'కాన్పులో ఊపిరాడలేదు' అని ఉంటే, గుడ్డెద్దు చేలో పడ్డట్టు నేనూ అదే రాశాను. పక్కనుంచి రాజవ్వ, "కడుపుతోని ఉండి మిరప ఘాటుల పనిచెయ్యకే అంటే విన్నదా? దీన్ని తల్లిగారింటికి తోలి నా కొడుక్కు ఇంకో పెండ్లి చేస్త" అంటోంది. లలిత తల ఎత్తలేదు.

మేడం నా రాత చదివి, "కాన్పు నువ్వు చూసినవా?" అన్నారు. లలితను అడిగారు: "పుట్టిన కొత్తల కుక్కపిల్ల లెక్క రొప్పుతుండెనా? మధ్యల ఊపిరి ఆగుతుండెనా?" అవునంది. మేడం ఫిల్మ్‌ను వెలుతురుకు పట్టి చూపించారు. చిన్నమెదడు నడిమి భాగం సరిగా ఏర్పడక, ఆ చోటు అచ్చం దవడ పన్నులా కనబడుతోంది. పొద్దున నేను చూసి పక్కన పెట్టేసిన ఫిల్మే అది. సిగ్గుతో చచ్చిపోయాను.

అలాంటి జబ్బు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది. మేనరికమా అని నేను ముందే అడిగాను. కాదు, బయటి సంబంధమేనన్నారు. మేడం నమ్మలేదు.

"పెండ్లికి ముంగట మీ అత్తను ఏమని పిలిచేదానివి బిడ్డా?"

"అత్తమ్మ అనే, చిన్నప్పటిసంది. మా అమ్మవాళ్ల నాయిన, మా మామవాళ్ల నాయిన సొంత అన్నదమ్ములు. అసలు మేనరికం గాదు గదా మేడం, అందుకే చెప్పలే."

మేడం రాజవ్వ వైపు తిరిగారు. "విన్నవా అవ్వా? మిరప ఘాటు గాదు. సగం ఈమె నుంచి, సగం నీ కొడుకు నుంచి వచ్చింది. కోడల్ని తోలితే కొడుకును గూడ తోలాలె." లలిత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

జబ్బు పేరు దొరికిందని నేను పొంగిపోతుంటే, "ఏ రకమో తేల్చకుంట సంబరమేంది? దీంట్ల కొన్ని రకాలు కండ్లను తింటయి, కొన్ని కిడ్నీలను. జన్యుపరీక్షకు రక్తం పంపు" అని కసిరారు. తేలింది కిడ్నీల రకమే. అప్పటికి కిడ్నీలు బాగానే ఉన్నాయి. "ఇయ్యాల బాగుంటే ఎప్పటికీ బాగున్నట్టు గాదు. ఏటా చూడు" అన్నారు.

మేడం పోయి రెండేళ్లు. ఈ ఏటి కిడ్నీ రిపోర్టు చూసి, బాగానే ఉందని చెప్పి సంచి తిరిగి ఇచ్చాను. చిన్నిని ఒళ్లో కూర్చోబెట్టుకున్న రాజవ్వ లేవలేదు.

"ఊకె నమ్మబుద్ధైతలేదు సారూ. జర ఇంకోపారి చూడుండ్రి."

మేడం అనుమానం నాకొక్కడికే మిగిలిందనుకున్నాను ఇన్నాళ్లూ. కుర్చీ ముందుకు జరుపుకుని, సంచిలోంచి రిపోర్టు తీసి, మొదటి అంకె నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టాను.