దామారిస్ కట్టిన బెండ్లు

ఆ నెలలో పోయిన నాలుగో బెండు అది. నారింజ రంగు బెండు తేలుతూ ఉండవలసిన చోట ఉత్త నీళ్లే కనిపించాయి. దామారిస్ సిలిండరు వీపున సర్దుకుని కిందికి దిగింది. రాతిలో దిగ్గొట్టిన ఇనుప కొక్కేనికి మోకు మిగిలే ఉంది, పైకొస మాత్రం కత్తితో కోసినట్టు తెగిపోయింది. పక్కనే దుప్పి కొమ్ముల్లాంటి పగడం విరిగి, తెల్లటి ముక్కలై పడి ఉంది.

పదహారేళ్లుగా ఆమె పని ఇదే. బయాహీబే ఊరి ముందు సముద్రంలో ఉన్న పగడాల దిబ్బ మీద పదకొండు చోట్ల బెండ్లు నిలిపి ఉంచాలి. పడవలు లంగరు దించకుండా వాటికి కట్టుకుంటే పగడం బతుకుతుంది. అందుకోసం వారానికి రెండుసార్లు దిగి, మోకులకు పట్టిన గుల్లలు గీకి, అరిగిన ముడులు మార్చి వస్తుంది. మొదట్లో మొగుడు "చేపలింట్లో పనిమనిషి" అని ఎగతాళి చేసేవాడు. ఇప్పుడు తడి బట్టలు తనే ఆరేస్తున్నాడు. ఊరు మాత్రం మారలేదు. డొల్లగా ఉండే ఆమె ప్లాస్టిక్ బెండు ఒకటి సగానికి తెగి ఎవరి పెరట్లోనో కోళ్లకు నీళ్లతొట్టి అయింది. ఇంకొకదాంట్లో మిరప మొక్కలు కాపుకొచ్చాయి. అడిగితే "ఒడ్డుకు కొట్టుకొచ్చింది తల్లీ" అంటారు.

ఈసారి కోసింది ఎవరో ఆమెకు అనుమానం లేదు. నిన్న అక్కడ వల వేసింది అన్న నికనోర్ ఒక్కడే. అతను డొమినో ఆడే బల్ల దగ్గర దొరికాడు.

"అన్నా, మోకు కోసింది నువ్వేగా?"

"నా ఇంజను రెక్కకు చుట్టుకుంది. కొయ్యక దండం పెట్టుకోమంటావా?"

"కోసి, పైగా లంగరు వేశావు. కింద ఏమైందో తెలుసా?"

"ఏమవుతుందే? రాళ్లేగా!"

"అవి రాళ్లు కావని మూడొందలసార్లు చెప్పాను!"

"మూడొందలసార్లూ నా ఆట చెడగొట్టావు."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. దామారిస్‌కు ఒళ్లు మండింది. ముప్ఫై ఏళ్లుగా సముద్రం మీద తిరుగుతూ, ఒక్కసారైనా నీళ్లలో ముఖం పెట్టి చూసిన పాపాన పోలేదు ఈ మనిషి.

"రేపు పొద్దున నాతో వచ్చి చూడు. రాకపోతే ఆదివారం గిన్నె అడుగున కరకరలాడే అన్నం మాడు నీకు పెట్టొద్దని అమ్మతో చెప్తాను."

నికనోర్ చేతిలోని పావు అలాగే ఆగిపోయింది. "మాడు జోలికి రాకు దామీ," అన్నాడు నీరసంగా.

మర్నాడు అతనికి మాస్కు, గాలిగొట్టం తగిలించి, కొత్త బెండు పట్టుకుని పైనే తేలమంది. తను రెండు నిలువుల లోతుకు దిగి ముడి వేసి, విరిగిన పగడాన్ని వేలుపెట్టి చూపించింది. నీలి చేపల గుంపు అతని ముక్కు కిందనుంచే వెళ్లింది. నికనోర్ కదల్లేదు. ఉన్నట్టుండి చేతులూ కాళ్లూ కొట్టుకోసాగాడు. మునిగిపోతున్నాడేమోనని ఆమె గబగబా పైకి ఈదుకొచ్చింది.

"నా లంగరు!" అని అరిచాడు నోట్లో గొట్టం పీకేసి. "నాలుగేళ్ల కింద తుఫానులో పోయిందే, అదే! అనవసరంగా బావమరిదిని దొంగ అన్నాను. తియ్యవే!"

"కుదరదు. దాని కొక్కేల మీద పగడం పెరిగింది. లాగితే అదీ విరుగుతుంది."

"అది నాదే!"

"నీదైతే దిగి తెచ్చుకో."

అతను కిందికి చూశాడు, పైకి చూశాడు, పడవెక్కి కూర్చున్నాడు.

రెండు వారాల తర్వాత దామారిస్ పడవలో ఆ బెండు వైపు వెళ్తుంటే అన్న గొంతు దూరంనుంచే వినిపించింది. డైవింగు పడవ ఒకటి లంగరు దించబోతోంది.

"బెండుకు కట్టుకోరా గుడ్డోడా! కింద నా లంగరుంది. నీది తగిలి అది ఊడిందంటే నీ ఇంటికొచ్చి తేల్చుకుంటా!"

ఆ పడవవాడు హడలిపోయి బెండుకే కట్టుకున్నాడు. పదహారేళ్లు పగడం గురించి గొంతు చించుకున్నది తను. ఊరు విన్నది తుప్పుపట్టిన ఇనుము మాట. నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

"మరి మిగతా పది బెండ్ల సంగతేంటన్నా?" అని అరిచింది.

"అక్కడ నా సామానేం లేదుగా!"

దామారిస్ పళ్లు నూరుకుంటూ మాస్కు దించుకుని, ఏడో బెండు ముడి మార్చడానికి నీళ్లలోకి దూకింది.