తాలు కంకుల కుచ్చు

“విత్తనానికి ఉంచిన కంకులు తీసి పిచ్చుకలకు కడతారా?” అన్నాను.

“పిచ్చుకెంత తింటుందే, పిసినారీ!” అన్నారు మా ఆయన.

“మీ తమ్ముడొచ్చినప్పుడూ ఇదే మాటన్నారు. నెల్లాళ్లు తిన్నాడు.”

డెబ్బైల నాటి చలికాలం అది. తిరువూరు శివారున మా చేలోని ఇంట్లో, పిట్టలను చూస్తూ కాఫీ తాగాలని ఆయన కోరిక. విత్తనం మిగలాలని నా బాధ. చివరికి గింజ పట్టని తాలు కంకులు ఏరి, అందంగా కుచ్చు అల్లి చూరుకు కట్టాను.

“నీదీ మంచి మనసేనే!” అని ఆయన మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

మర్నాడు పొద్దున్నే పిచ్చుకలు వచ్చాయి. కుచ్చును పొడిచి చూసి వదిలేసి, రాళ్లేరడానికి నేను చేటలో పోసి అరుగు మీద పెట్టుకున్న బియ్యం మీద వాలాయి.

“వచ్చాయే, కదలకు!” అన్నారాయన.

అవి తిని ఎగిరిపోయేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను.