కుంకుమ బొట్టు పెట్టిన కళ్ళజోడు

నాకు కోపం ఎక్కువ. బ్యాటరీల గురించి ఎవరైనా నాకే చెప్పబోతే ఆ కోపం ఇంకా ఎక్కువ. విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి అరకు సంతవీధిలో కొట్టు పెట్టాను. ఇన్వర్టర్లు, సోలార్ ప్లేట్లు, జీపు బ్యాటరీలు అమ్ముతాను. గల్లాపెట్టె వెనక గోడకి నా సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంటుంది. విశాఖలో రెండు రోజుల ట్రైనింగు. అందులో మొదటి గంటలో చెప్పిన మొదటి మాట ఇది: ఛార్జింగ్ ఎక్కుతున్న బ్యాటరీలోంచి గ్యాస్ వస్తుంది, అది కంటికి కనపడదు, వాసనకి తెలీదు, దాని దగ్గర నిప్పు వెలిగించకూడదు, గది కిటికీ మూయకూడదు. నిద్రలో లేపి అడిగినా ఈ మాట తడుముకోకుండా చెప్పగలను. చెప్పాల్సిన చోట చెప్పలేదు.

జి.మాడుగుల పోయే రోడ్డు వదిలి, జీపు ఆగిపోయే చోటు నుంచి గంటన్నర ఎక్కితే ఆ ఊరు వస్తుంది. ఊరి హాలుకీ, ఊట దగ్గర వీధి దీపాలకీ సోలార్ పెట్టమని ఒక ఆఫీసు వాళ్ళు నాకు పని ఇచ్చారు. నాలుగు పెద్ద బ్యాటరీలు, అవి పెట్టడానికి హాలు పక్కన ఒక చిన్న గది. ఒక్కోదాన్ని ఇద్దరేసి మగవాళ్ళు బొంగుకి కట్టి, ఒరగనివ్వకుండా కొండ ఎక్కించారు. దారి పొడుగునా వాళ్ళని తిడుతూనే ఉన్నాను. ఒక్క చుక్క యాసిడ్ ఒలకలేదు. అయినా తిట్టడం ఆపలేదు.

బ్యాటరీలు చూసుకునే మనిషిని ఊరివాళ్ళే ఎంచుకున్నారు. నలభై దాటిన ఆవిడ. పసుపు విత్తనం దాచడంలో ఆవిడ చెయ్యి మంచిదట, ఆవిడ దాచిన కొమ్ము కుళ్ళదట. విత్తనం కాపాడినామె కరెంటు కాపాడలేదా అని వాళ్ళ లెక్క. నాకు నవ్వొచ్చింది. పదో తరగతి చదివినవాడు ఒక్కడూ లేడా అన్నాను.

కానీ ఆవిడకి ఏదీ రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఊట నీళ్ళు పొయ్యకూడదు, పోసింది బ్యాటరీ మీది గీత దాటకూడదు, బ్యాటరీల మీద ఇనప సామాను పెట్టకూడదు, టెర్మినల్‌కి వాజలీన్ రాయాలి. ఒంటి మీద యాసిడ్ పడితే ఏమీ ఆలోచించకుండా నీళ్ళు పొయ్యాలి, పోస్తూనే ఉండాలి. ఒక్కోటీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ తిరిగి నాకు ఒప్పజెప్పింది. తరవాత, సామాను పెట్టెలో కవరు విప్పకుండా ఉన్న కళ్ళజోడు, యాసిడ్ కంట్లో పడకుండా పెట్టుకునేది, తీసి చూపించింది.

"ఇది ఎప్పుడు పెట్టుకోవాల సావుకారి?"

"అది పెద్ద ఫ్యాక్టరీల్లో వాళ్ళకి. నీకెందుకే! ఆ మేకుకి తగిలించు."

నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. అయినా 'ఏమే' అనే పిలిచాను. కొండ మీదివాళ్ళని అలా పిలవడం మా సంతవీధిలో ఎవరికీ తప్పుగా తోచదు. నాకూ తోచలేదు. కళ్ళజోడు లేకుండానే మూతలు తీసి యాసిడ్ మట్టం చూశాను. ఇరవై ఏళ్ళుగా అలాగే చూస్తున్నాను మరి.

తరవాత పూజ. కింద మైదానం నుంచి వచ్చిన మా వర్తకులకి అదొక అలవాటు. కొత్త సామాను ఏదైనా సరే, పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించకుండా స్విచ్ వెయ్యం. చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికెళ్ళాను. నాలుగు బ్యాటరీలకీ బొట్లు పెట్టాను. కర్పూరం వెలిగిస్తే గాలికి ఆరిపోయింది. రెండోసారీ ఆరిపోయింది.

"ఆ కిటికీ వెయ్యి, బేగి!" అని ఆవిడ మీద అరిచాను.

వేసింది. కర్పూరం నిలబడింది. గుమ్మం బయట ఊరంతా చేతులు జోడించి నిలబడ్డారు. "ఇది మన సామి కాదురా, సావుకారి సామి" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త పొంగిపోయాను కూడా. అప్పటికి ప్లేట్ల వైర్లు బ్యాటరీలకి ఇంకా కలపలేదు, గ్యాస్ పుట్టే అవకాశమే లేదు. ఆ సంగతి నాకు తెలుసు కనక వెలిగించాను. వాళ్ళకి తెలీదు. చెప్పాలని నాకు తట్టలేదు.

తట్టలేదన్నది కూడా సగం అబద్ధమే. మూడు నెలలకి చెకింగ్‌కి వెళ్ళినప్పుడు ఆ గది చూసి ముచ్చటపడ్డాను. మా కొట్లో బ్యాటరీలు కూడా అంత శుభ్రంగా ఉండవు. టెర్మినల్ మీద తెల్లపొడి లేదు, నీళ్ళు గీతకి సరిగ్గా ఉన్నాయి. గుమ్మంలో ఆవిడ చెప్పులు విడిచి ఉన్నాయి. బ్యాటరీలకి కొత్త బొట్లు. మేకుకి వేలాడుతున్న కళ్ళజోడు కవరు మీద కూడా ఒక బొట్టు. నేల మీద తమలపాకంత మేర కర్పూరం కాలిన నల్లటి మరక.

"ప్రతి అమాసకీ సేస్తన్నాను, నువ్వు సేసినట్టే" అంది.

అప్పుడే చెప్పాలి. నోటి చివరిదాకా వచ్చింది. చెప్తే, మొదట వెలిగించింది నేనే కదా, మరి నువ్వెందుకు వెలిగించావని అడుగుతారు. జీపువాడు కింద ఎదురుచూస్తున్నాడు. "బాగుంది, బాగుంది" అని దిగిపోయాను.

ఎండాకాలం అమావాస్య నాడు మిట్టమధ్యాహ్నం జీపువాడు ఫోన్ చేశాడు. బ్యాటరీ పేలిందన్నాడు. నిండుగా ఛార్జింగ్ ఎక్కి బుడగలు తీస్తున్న నాలుగు బ్యాటరీల ముందు, కిటికీ మూసి, చెప్పులు విడిచి, ఆవిడ కర్పూరం వెలిగించింది. ఒక బ్యాటరీ పైమూత ఎగిరిపోయింది. యాసిడ్ ఎడమ కంట్లో పడింది. ఆడవాళ్ళు ఊట దగ్గరికి ఎత్తుకెళ్ళి, కిందికి జీపు వచ్చిందని తెలిసేదాకా బిందెల మీద బిందెలు పోస్తూనే ఉన్నారట. నేను చెప్పిన వాటిలో ఆవిడని కాపాడింది ఆ ఒక్కటే. ఆ నీళ్ళే లేకపోతే కన్ను మొత్తం పోయేదని విశాఖలో డాక్టరన్నాడు. ఇప్పుడు ఆ కంటికి వెలుతురూ నీడా తెలుస్తాయి, మనిషి ముఖం తెలీదు.

కొన్నాళ్ళకి ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు విచారణకి వచ్చాడు. ఊరి హాల్లో అందరూ కింద కూర్చున్నారు. ఇంజనీరుకీ నాకూ కుర్చీలు వేశారు. ఆవిడ ముందు వరసలో, కంటి మీద దూదితో. ఇంజనీరు ఫైలు తెరిచి మొదట నన్నే అడిగాడు.

"నిప్పు పెట్టకూడదని వీళ్ళకి చెప్పారా?"

"చెప్పాను సార్. పదిసార్లు చెప్పాను. వీళ్ళకి ఎంత చెప్పినా అంతే సార్."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట! తడబాటు లేదు, దగ్గు లేదు. ఆ ఆఫీసు పనులు పోతే కొట్టు మూసుకోవాలన్న భయం ఉంది, నిజమే. కానీ 'వీళ్ళకి' అన్న మాట భయం నా చేత అనిపించింది కాదు. అది నాలో ఎప్పటినుంచో ఉన్నదే.

ఊరంతా వింది. ఒక్కరూ నోరెత్తలేదు. ఇంజనీరు ఆవిడని అడిగాడు. రెండో కంటితో నాకేసి చాలాసేపు చూసింది.

"ఏటి సెప్తాను బాబూ. ఆవేళ కర్పూరం యెలిగించింది నేనే."

నిర్వహించే మనిషి అజాగ్రత్త అని కాగితం రాశారు. నేను సంతకం పెట్టాను. ఆవిడ అక్షరం అక్షరం కూడబలుక్కుని పెట్టింది. బొడ్లో దోపుకున్న గది తాళం తీసి ఊరిపెద్ద చేతిలో పెట్టింది. ఆవేళ ఇంటికొచ్చి, కూరలో ఉప్పు ఎక్కువైందని మా ఆవిడ మీద కంచం విసిరినంత పని చేశాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఏడు నెలలు ఆ కొండవైపు వెళ్ళలేదు. కొత్త బ్యాటరీలు వచ్చాక తప్పలేదు. ఈసారి మోసేవాళ్ళని ఒక్క మాటా అనలేదు. ఊరిపెద్ద తాళం తీశాడు. ఎవరో పళ్ళెం పట్టుకొచ్చారు. కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, అగ్గిపెట్టె, కర్పూరం.

"కానియ్యి సావుకారి" అన్నాడు పెద్ద.

ఆవిడ హాలు అరుగు మీద కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతోంది. లేవలేదు, ఇటు చూడలేదు. పళ్ళెం అందుకున్నాను. కర్పూరం తీసి జేబులో వేసుకున్నాను.

"వెలిగించకూడదు" అన్నాను. "ఈ గదిలో ఎవరూ, ఎప్పుడూ వెలిగించకూడదు. ఈ సంగతి నేను మీకెప్పుడూ చెప్పలేదు. పదిసార్లు చెప్పానని అబద్ధమాడాను. మొదట వెలిగించిందీ, కిటికీ వెయ్యమన్నదీ నేనే. ఆవిడ తప్పేమీ లేదు."

నేనేదో పెద్ద రహస్యం బయటపెట్టానని అనుకున్నాను. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం కనపడలేదు.

"మాకు తెలీదేటి సావుకారి?" అన్నాడు పెద్ద. "ఆవేళ ఊరంతా ఈ గుమ్మంలోనే ఉన్నాం గదా. నువ్వు యెలిగిత్తే దండం పెట్టినోళ్ళం మేమే గదా."

"మరి ఆ ఇంజనీరుతో ఎందుకు చెప్పలేదు?"

పెద్ద అరుగుకేసి చూపించాడు. "అదే వద్దంది. సావుకారే సెప్తాడు, సూడండి అంది. సూసినాం."

తల కొట్టేసినట్టయింది. పేలిన రోజు కన్నా, విచారణ రోజు కన్నా ఎక్కువ సిగ్గుపడ్డది అప్పుడే. నన్ను ఏడు నెలలు నమ్మి కూర్చున్న మనిషిని నేను మనిషి కిందే లెక్కపెట్టలేదు.

పెద్ద తాళం పట్టుకెళ్ళి ఆవిడకి ఇచ్చాడు. ఆవిడ చేతులు దులుపుకుని వచ్చింది. ముందు కిటికీ రెండు రెక్కలూ తీసింది. మేకు మీది కళ్ళజోడు అందుకుని, కవరు చింపి, కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది.

"ఇది పెట్టుకో. సెప్పులేసుకో. అప్పుడు లోపలికి రా."

పెట్టుకున్నాను. లోపల పని అయ్యేదాకా ఆవిడ గుమ్మంలో నిలబడి, నేను ఎక్కడ చెయ్యి పెడుతున్నానో ఒంటి కంటితో చూస్తూనే ఉంది. దిగి వచ్చేటప్పుడు ఊట దాకా వెంట వచ్చింది.

"సావుకారి, ఆ కాగితం మీద తప్పు నాదని అలాగే ఉంది గదా?"

"ఉంది అప్పా."

మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడని అలా పిలవడం అదే మొదలు.

"దాన్నీ మారుస్తావా?"

"మారుస్తానప్పా. ఆఫీసుకి రాస్తాను."

తలూపి వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ నన్ను నమ్మిందని ఆ తలూపులోనే తెలిసింది. ఆఫీసుకి రాద్దామనే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. కూర్చుంటే ఇదంతా వచ్చింది. ఆ ఆఫీసుకి రాయాల్సింది నాలుగు వాక్యాలే. అవి ఇంకా రాయలేదు.